పుచ్చుకొనుట కూడ ప్రేమయే



వృద్ధులను ఆదరించవలెనని సంఘములో మనము తరచుగా వింటాము. క్రిస్మసుకు ముందు దుప్పట్లు పంచుతాము. మంచము పట్టినవారి ఇంటికి పదిమందిమి కూడి వెళ్లి, పాట పాడి, ప్రార్థన చేసి, పండ్లు ఇచ్చి వస్తాము. ఇవన్నియు మంచి పనులే, మానవలసినవి కావు. అయితే వీటన్నిటిలోను ఇచ్చేవారము మనము, పుచ్చుకొనేవారు వారు. ఏటికేడాది ఇట్లే జరిగితే, ఒకనాడు పదిమందికి అన్నము పెట్టిన చేయి ఇప్పుడు చాచడానికి తప్ప దేనికీ పనికిరానిదై పోతుంది. ఆ బాధ ముసలితనపు కీళ్ల నొప్పికంటె ఎక్కువగా ఉంటుంది. పెద్దలు దానిని పైకి చెప్పరు.

తీసుకొనే చేతికంటె పెట్టే చేతికే ఎక్కువ దీవెన ఉన్నదని ప్రభువు చెప్పిన సంగతిని పౌలు ఎఫెసు సంఘపు పెద్దలకు జ్ఞాపకము చేశాడు (అపొ. కార్య. 20:35). మనము ఈ మాటను కానుకల సమయములో వింటాము. కాని దానిని పెద్దల పక్షమున ఆలోచించి చూడండి. ఇచ్చుటలో అంత దీవెన ఉంటే, దానిని మనమే ఉంచుకొని, పెద్దలకు పుచ్చుకొనుట మాత్రమే మిగల్చడము న్యాయమా? వారి వద్దనుండి అడిగి పుచ్చుకొనడము కూడ వారిని ప్రేమించుటలో ఒక భాగము కాదా?

మేము భార్యాభర్తలము తెనాలిలో రైలు స్టేషనుకు దగ్గరలో ఉన్న ఒక వీధిలో చాలా ఏండ్లుగా కాపురముంటున్నాము. మా వీధిలోను మా బంధువులలోను ఉన్న ముగ్గురు పెద్దల మూలముగా ప్రభువు మాకు నేర్పిన సంగతులను ఈ నెల మీతో పంచుకొంటున్నాము. పేర్లు వ్రాయడము లేదు. అట్టివారు మీ వీధిలోను ఉంటారు గనుక పేర్లతో పని లేదు.

కరివేపాకు రెబ్బలు

మా ప్రక్క ఇంటి మామ్మగారి వయస్సు 82. ఆమె భర్త రైల్వేలో గ్యాంగుమేనుగా పని చేసి, విరమణ పొందిన కొన్నాళ్లకు ప్రభువునందు నిద్రించారు. కుమారుడు హైదరాబాదులోను, కుమార్తె విశాఖపట్నములోను ఉన్నారు. ఇద్దరూ రమ్మని పిలుస్తారు. రోజూ ఫోను చేస్తారు. ఆమె వెళ్లరు. "మీ మామగారు మట్టి మోసి కట్టిన ఇల్లమ్మా ఇది, తాళము వేసి ఎట్లా పోను?" అంటారు.

ఒక వర్షాకాలములో ఆమెకు జ్వరము వచ్చి పొయ్యి దగ్గరకు పోలేకపోయారు. మేము పూట పూటకు జావ, చారు అన్నము పంపాము. జ్వరము తగ్గినది గాని నీరసము పోలేదు. అయినను నాలుగవ రోజున ఆమె, "ఇక పంపవద్దమ్మాయ్, ఆకలి వేయడము లేదు" అన్నారు. గిన్నె కడిగి ప్రహరీ గోడ మీద బోర్లించి పెట్టారు.

మొదటి రోజు గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో బెల్లపు ముక్క ఉన్నది. రెండవ రోజు రెండు అరటిపండ్లు, మూడవ రోజు ఒక చెంచా పంచదార ఉన్నవి. నాలుగవ రోజున ఏమియు లేదు. మన ఇండ్లలో పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపరు. మా తల్లులు పంపలేదు, ఆమె తల్లి కూడ పంపి ఉండదు. జ్వరముతో బజారుకు పోలేని మనిషి ఇంట్లో ఇక పెట్టడానికి ఏమియు మిగలలేదు. ఆకలి లేక వద్దనలేదని మాకు అర్థమైనది.

ఆ సాయంత్రమే గోడ దగ్గర నిలబడి, "మామ్మగారూ, మీ పెరటి కరివేపాకు వేయనిదే మా ఇంట చారుకు వాసన రావడము లేదు. రోజూ నాలుగు రెబ్బలు కావాలి, ఇస్తారా?" అని అడిగాము. ఆమె ముఖము విప్పారినది. "నాలుగేమిటే, చెట్టంతా కోసుకుపో" అన్నారు. మరునాటినుండి గిన్నెలో అన్నము అటు వెళ్తుంది, గిన్నెలో కరివేపాకు ఇటు వస్తుంది. ఒక్కొక్కసారి మునగాకు వస్తుంది. ఆమె వద్దనడము మానివేశారు. నెల తిరిగేసరికి తానే వండుకొనే శక్తి వచ్చినది. గిన్నె మాత్రము అటు ఇటు తిరుగుతూనే ఉన్నది.

ఏలీయా సారెపతు ఊరి విధవరాలి యొద్దకు వెళ్లిన సంగతి మనకు తెలుసు (1 రాజులు 17:8-16). దేశమంతా కరువు. ఆమె ఇంట ఉన్నది పిడికెడు పిండి, కొద్దిపాటి నూనె. దేవుడు ప్రవక్త చేతికి ఒక మూట ఇచ్చి ఆమె ఇంటికి పంపగలడు. కాని ప్రవక్త ఖాళీ చేతులతో వెళ్లి, ముందు నీళ్లు అడిగాడు, తరువాత రొట్టె అడిగాడు. ఆమె తన చేతితో చేసి పెట్టిన తరువాతనే ఆ పిండి తరగలేదు, ఆ నూనె అయిపోలేదు. పేదరాలిని అడగడము కఠినమని మనకు తోచవచ్చును. దేవుడు ఆమెను బిచ్చగత్తెగా కాక, తన సేవకుని పోషించే గృహిణిగా నిలబెట్టాడు.

మామ్మగారి వద్ద మేము అడిగేవి ఇంకా పెరిగినవి. మే నెలలో ఆవకాయ పెట్టేనాడు ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంటారు. ఆవపిండి, కారము, ఉప్పు ఎంతెంతో ఆమె కన్ను చూసి చెబుతుంది. ముక్క తుడవడములో ఒక్క నీటి చుక్క ఉన్నను ఒప్పుకోరు. వీధిలో పదవ తరగతి పరీక్షలు వ్రాసే పిల్లల పేర్లు, తేదీలు కాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాసి ఆమెకు ఇస్తాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. ఫలితములు వచ్చిననాడు పిల్లలు తమ అమ్మమ్మలకు ఫోను చేయకముందే గోడ దూకి ఆమెకు చెబుతారు.

ఆమెకు రైల్వే కుటుంబ పింఛను వస్తుంది. అందుకు ఏటేటా నవంబరులో, బ్రతికి ఉన్నట్లు ధ్రువపత్రము ఇవ్వవలెను. 80 యేండ్లు నిండినవారు అక్టోబరు 1 నుండియే ఇయ్యవచ్చును. పనిచేసి పనిచేసి ఆమె వ్రేలి గీతలు అరిగిపోయినవి, యంత్రము వాటిని గుర్తు పట్టదు. 2021 నవంబరు నుండి ఫోనులో ముఖము చూపి ఈ పత్రము పంపే వీలు కలిగినది గనుక ఇప్పుడు ఇంటి వద్దనే చేస్తున్నాము. ఆనాడు ఆమె తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని కూర్చుంటారు. "ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నాను గదా, బ్రతికి ఉన్నానని ఆ ఫోనుకు నమ్మకము కుదరాలా?" అని నవ్వుతారు. చదువుకొన్న యౌవనస్థులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. ఒక శనివారము కూర్చుంటే పదిమంది పెద్దలకు ఈ పని చేసి పెట్టగలరు.

సూదిలో దారము

పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు సమరయుని కథ చెప్పాడు (లూకా 10:25-37). పొరుగువాడు మన సంఘమువాడై ఉండవలెనన్న నియమము ఆ కథలో లేదు. మా వీధి చివరి ఇంట ఒక సాయిబుగారు ఉన్నారు. నలుబది యేండ్లు మిషను కుట్టారు. ఒక కంటికి శుక్లము ఆపరేషను జరిగినది, రెండవ కన్ను మసక. మిషను అమ్మివేశారు. కుమారుడు పనికి విజయవాడ వెళ్లి రాత్రికి వస్తాడు. పగలంతా ఆయన అరుగు మీద కూర్చొని వచ్చే పోయేవారిని చూస్తూ ఉండేవారు.

మా పిల్లవాని బడి చొక్కాకు గుండీ ఊడినప్పుడు ఆయనను అడిగాము. "కుట్టగలను బాబూ, సూదిలో దారము ఎక్కించలేను" అన్నారు. అప్పటినుండి ఒక ఏర్పాటు జరిగినది. బడి నుండి వచ్చిన తరువాత పిల్లలు పది సూదులకు దారములు ఎక్కించి, ఒక గుడ్డ ఉండకు గుచ్చి పెట్టి వస్తారు. అయిదింటికి తెల్ల దారము, అయిదింటికి నీలి దారము, ఎందుకంటే బడి బట్టలు ఆ రంగులవే. వీధిలోని పిల్లలందరి గుండీలు, ఊడిన అంచులు ఇప్పుడు ఆయన చేతిలోనే బాగవుతున్నవి. డబ్బు ఇస్తే పుచ్చుకోరు. "సూదులు ఎక్కించిన కూలికి సరిపోయింది" అంటారు. ఈ లెక్కలో ఎవరు ఎవరికి ఉపకారము చేస్తున్నారో చెప్పడము కష్టము. అట్లు ఉండడమే మంచిదని మేము తలంచుచున్నాము.

ఆయనకు ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలైనది. నెల మొదట సచివాలయపు ఉద్యోగి ఇంటికే తెచ్చి ఇస్తారు. ఆ రోజున సాయిబుగారు కోడలి చేతిలో గ్యాసు బండకు డబ్బు పెడతారు, పిల్లలకు బిస్కట్లు కొని పంచుతారు. ఆ రోజున ఆయన మాట ఇంట్లో కొంచెము గట్టిగా వినబడుతుంది. పెద్దల చేతిలో ఉన్న డబ్బును, భద్రము చేస్తామని చెప్పియైనను, అంతా లాగివేయకూడదని మాకు ఆయనను చూచి తోచినది. ఆ డబ్బుతో బిస్కట్లు కొనుట వృథా ఖర్చు కాదు.

రంజాను నాడు ఆయన ఇంటినుండి సేమ్యా వస్తుంది, క్రిస్మసు నాడు మా ఇంటినుండి అరిసెలు వెళ్తాయి. మా విశ్వాసమును గూర్చి ఆయన అడిగినప్పుడు చెప్పాము. ఆయన విన్నారు. మిగిలినది ప్రభువు చూచుకొంటాడు. ఆయన విన్నా వినకపోయినా సూదులు ఎక్కించడము మాత్రము ఆగదు.

ముప్పై ఒకటవ తేదీ

మూడవ సంగతి చెప్పడము కొంచెము కష్టము, ఎందుకంటే ఇది మా రక్తసంబంధికుల మాట.

మాకు ఒక మేనత్త ఉన్నది. వయస్సు 78. మామయ్య పోయిన తరువాత ముగ్గురు కుమారులు పొలము పంచుకొన్నారు. తల్లి పోషణను కూడ వంతులు వేసుకొన్నారు, నెలకొకరి ఇంట అని. మన పల్లెలలో ఇది కొత్త కాదు. అత్త దగ్గర ఒక రేకు పెట్టె ఉన్నది. అందులో నాలుగు చీరలు, బైబిలు, కీర్తనల పుస్తకము, మందుల సంచి. ప్రతి నెల చివర ఆ పెట్టె ఒక ఇంటినుండి మరొక ఇంటికి పోతుంది. ఎక్కడను ఆమె దానిని పూర్తిగా విప్పదు.

చిక్కు వచ్చినది ముప్పై ఒకటవ తేదీన. నెల అంటే ముప్పై రోజులని ఒకరు, కొత్త వంతు ఒకటవ తేదీననే మొదలని ఇంకొకరు. ఒక ముప్పై ఒకటవ తేదీన అత్త పెట్టె దగ్గర పెట్టుకొని మధ్యాహ్నము దాటేవరకు అరుగు మీద కూర్చున్నదని తెలిసి మేము వెళ్లి తీసికొని వచ్చాము. దారిలో ఆమె ఒక్క మాట కూడ కుమారుల మీద చెప్పలేదు. "ఎండ బాగా ఉంది గదరా" అని మాత్రము అన్నది.

కుమారులు దుష్టులు కారు. ఒకరికి కౌలు సేద్యములో అప్పులు, ఒకరి భార్యకు అనారోగ్యము, ఒకరిది అద్దె ఇల్లు. ముగ్గురూ మందిరమునకు వచ్చేవారే, దశమభాగము ఇచ్చేవారే. అందువలన వారితో కూర్చొని వాక్యము చదివాము. దేవునికి అర్పించామను పేరుతో తల్లిదండ్రులకు చేయవలసినది మానివేసినవారిని ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడాడో మార్కు 7:9-13లో ఉన్నది. పిల్లలైనను మనుమలైనను భక్తిని మొదట తమ ఇంటనే చూపి, తమను పెంచినవారి ఋణము తీర్చవలెనని పౌలు తిమోతికి వ్రాశాడు (1 తిమోతి 5:4). సంఘము భారము మోయవలసినది ఎవ్వరును లేనివారి కొరకు. ఉన్నవారు తమవారిని సంఘము మీదికి నెట్టకూడదు.

పాఠకులలో ఎవరికైనను అవసరమగునేమోనని ఒక సంగతి చెబుతున్నాము. మన దేశములో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కొరకు ఒక చట్టము వచ్చినది. పిల్లలు పోషించనప్పుడు పెద్దలు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము ప్రకారము నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చును. పోషించే షరతు వ్రాసి ఆస్తి ఇచ్చిన తరువాత పిల్లలు మాట తప్పితే, ఆ దస్తావేజును రద్దు చేయించే వీలు కూడ ఉన్నది. వృద్ధుల సహాయము కొరకు 14567 అను ఫోను నంబరు ఉన్నది. నిజముగా బాధింపబడేవారికి ఈ త్రోవ చూపడము పాపము కాదు. అత్తకు కూడ చెప్పాము. "కన్నబిడ్డలను ఆఫీసు మెట్లు ఎక్కించనురా" అన్నది. ఆమె ఇష్టమును గౌరవించాము.

సంవత్సరములో ఏడు నెలలకు ముప్పై ఒకటవ తేదీ ఉన్నది. ఆ ఏడు రోజులు అత్త మా ఇంటికి వచ్చేటట్లు కుమారులతో మాట్లాడి ఏర్పాటు చేశాము. మిగిలిపోయిన మనిషిగా కాక, పిలువబడిన పెద్దగా రావలెనని, ఆమెకు ఇష్టమైన పనిని ఆనాటికి దాచి ఉంచాము. వడియాలు పెట్టడము గాని, మా ఇంట కుటుంబ ప్రార్థన నడిపించడము గాని ఆ రోజు ఆమెదే.

మిగిలినది మేము చేసినది కాదు, దేవుడు చేశాడు. రెండవ కుమారుని కుమార్తెకు తొలి కాన్పు అయినది. నెలలు నిండని పసిబిడ్డ, చేతిలో జారిపోయేటంత చిన్నది. స్నానము చేయించడానికి తల్లికి భయము. "నాయనమ్మను పిలవండి" అన్నది. అత్త వచ్చి పీట మీద కాళ్లు చాచి కూర్చొని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్లు పోసినది. బిడ్డ ఏడవలేదు. నెల ముగిసినది. వంతు ప్రకారము పెట్టె కదలవలెను. "నాన్నా, నాయనమ్మను పంపవద్దు" అని ఆ పిల్ల తండ్రిని బ్రతిమాలినది. తండ్రి పంపలేదు. ఖర్చును ముగ్గురు అన్నదమ్ములు పంచుకొంటున్నారు. మిగిలిన ఇద్దరు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వచ్చి తల్లి దగ్గర భోజనము చేసి వెళ్తున్నారు. రేకు పెట్టె ఇప్పుడు మంచము క్రింద ఉన్నది, చీరలు దండెము మీద ఉన్నవి. "బిడ్డ పెద్దదైన తరువాత చూడాలిరా" అని అత్త అప్పుడప్పుడు అంటుంది. ఆ భయము పూర్తిగా పోలేదు. అది పోయేవరకు మేము ప్రార్థన చేస్తూనే ఉంటాము, ముప్పై ఒకటవ తేదీన మా తలుపు తెరచియే ఉంచుతాము.

నయోమి వృత్తాంతము ఈ సంగతితో మాకు క్రొత్తగా అర్థమైనది. ఆమె చేతులు ఖాళీ చేసికొని బేత్లెహేమునకు తిరిగి వచ్చినది. రూతు ఏరి తెచ్చిన పరిగెతో ఆమె ఆకలి తీరినది. కాని ఆమె హృదయము నిండినది మనుమని ఒడిలోకి తీసికొని పెంచిననాడే. ఆ బిడ్డకు ఓబేదు అని పేరు పెట్టినవారు పొరుగింటి స్త్రీలని రూతు 4:17లో చదువుతాము. ఒక ముసలితల్లి సంతోషములో పొరుగువారికి కూడ పాలు ఉన్నదన్నమాట.

ఏమియు చేయలేని పెద్దలు

ఇంతవరకు చదివి, "మా ఇంటి పెద్దలు ఏ పనియు చేయలేరు, మంచము మీద ఉన్నారు" అని కొందరు అనుకొనవచ్చును. ఈ మాట తప్పక చెప్పవలెను. పెద్దలను గౌరవించుట వారు చేసే పనికి కూలి కాదు. లేవీయకాండము 19:32లో నెరసిన తల ముందు లేచి నిలువుమన్న ఆజ్ఞకు దేవుడు ఏ షరతు పెట్టలేదు. దాని ప్రక్కనే తన భయమును జ్ఞాపకము చేశాడు. చంకలో పిల్లను మోసినట్లు ముదిమి వరకు మోసెదనని తన ప్రజలకు మాట ఇచ్చినవాడు ఆయనే (యెషయా 46:3-4).

అయినను మంచము మీద ఉన్నవారి వద్ద కూడ అడగదగినది ఒకటి ఉన్నది. అది దీవెన. యాకోబు చూపు తగ్గి, జబ్బుపడి ఉండగా, యోసేపు తన ఇద్దరు కుమారులను తీసికొని వెళ్లాడు. ఆ ముసలివాడు బలము తెచ్చుకొని మంచము మీద లేచి కూర్చున్నాడు, మనుమల తలల మీద చేతులు ఉంచాడు (ఆదికాండము 48). వారు వచ్చారని తెలిసినప్పుడే ఆయనకు బలము వచ్చినది. మన పిల్లలను పెద్దల మంచము దగ్గరకు తీసికొని వెళ్లి, "తాతయ్యా, వీని తల మీద చేయి పెట్టండి" అని అడగడానికి ఖర్చు ఏమున్నది?

మా సంఘములో ఒక పెద్దాయనకు జ్ఞాపకశక్తి పోయినది. కుమారుని చూచి ఎవరు నువ్వని అడుగుతారు. కాని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి ఎత్తుకొంటే చరణము తప్పకుండ చివరివరకు పాడతారు. మేము వెళ్లినప్పుడు ఆయన కొరకు పాడము. మొదటి మాట అందించి, ఆయన పాడగా వింటాము. మరచిన రాగములను ఆయన వద్ద నేర్చుకొని మందిరములో పాడుతున్నాము.

అట్టి ఇంటిలో రాత్రింబగళ్లు సేవ చేసే కోడలినో కుమార్తెనో కూడ జ్ఞాపకము చేసికొనవలెను. ఆమెకు పండ్లకంటె రెండు గంటల నిద్ర ఎక్కువ అవసరము. "మేము ఇక్కడ కూర్చుంటాము, నువ్వు పడుకో అమ్మా" అన్న మాట ఆమెకు పెద్ద ప్రసంగముతో సమానము.

పని ముగిసినదని ఎవరు చెప్పాలి?

మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఫాదర్ హయ్యరుగారు 1842 జూలైలో గుంటూరుకు వచ్చి లూథరను సేవ ప్రారంభించినవారు. తరువాత స్వదేశమునకు వెళ్లి వృద్ధులయ్యారు. రాజమండ్రి సేవ చేయి జారిపోయేటట్లున్నదని విని, 1869లో, 76 యేండ్ల వయస్సులో, తానే వెళ్తానని లేచి మరల ఈ దేశమునకు ఓడ ఎక్కారు. విశ్రాంతి తీసికొనుమని చెప్పదగిన వయస్సే. కాని ఆయనను పంపినవారు ఆ వృద్ధుని చేతిలో పని పెట్టారు, ఆ సేవ నిలిచినది.

అందరికీ ఓడ ఎక్కే బలము ఉండదు. బర్జిల్లయి 80 యేండ్లవాడై, దావీదు రాజు యెరూషలేముకు రమ్మని పిలిచినప్పుడు, రుచి తెలియదు, పాటలు వినబడవు, నా ఊరిలోనే ఉంటానని మర్యాదగా చెప్పాడు. రాజు బలవంతము చేయలేదు (2 సమూయేలు 19:31-39). పని అడిగినా, సహాయము చేసినా, నిర్ణయము పెద్దలదిగా ఉండవలెనని ఇందులో నేర్చుకొంటాము. స్నానాల గదిలో పట్టుకొనుటకు కడ్డీ వేయించండి, కాని ఎక్కడ వేయాలో వారినే అడగండి. రాత్రి లేచినప్పుడు తడబడకుండ ఒక చిన్న దీపము వెలిగించి ఉంచండి. వయస్సు పెరిగితే దాహము తెలియదు గనుక ఎండాకాలములో దాహమా అని అడగకుండ మజ్జిగ గ్లాసు చేతికి ఇచ్చి, మీరు కూడ ప్రక్కన కూర్చొని త్రాగండి. చెవులు వినబడనివారి వద్ద అరవవద్దు. ఎదురుగా కూర్చొని, ముఖము కనబడునట్లు, నెమ్మదిగా మాట్లాడండి. వారు ఒకే సంగతి మూడవసారి చెబుతుంటే, మొదటిసారి విడిచిన ఒక ముక్క ఈసారి బయటికి వస్తుందేమో వినండి.

ప్రియ పాఠకులారా, ఈ వారములో మీ వీధిలోనో మీ బంధువులలోనో ఉన్న ఒక పెద్దవారి ఇంటికి వెళ్లండి. ఏదైనా ఇవ్వండి, సంతోషము. కాని వచ్చేముందు ఏదైనా ఒకటి అడగండి. ఒక పచ్చడి కొలత, ఒక పాత కీర్తన రాగము, పెండ్లి కుదరని అమ్మాయి కొరకు ఒక ప్రార్థన, ఏదైనా సరే. వారు ఇచ్చినది రెండు చేతులతో పుచ్చుకొని, మరల వచ్చి అది ఎట్లు ఉపయోగపడినదో చెప్పండి. మనము కూడ ఆ వయస్సుకు వెళ్లేవారమే. అప్పుడు మన తలుపు తట్టి ఏదైనా కావాలని అడిగే ఒక చిన్నవానిని ప్రభువు పంపవలెనని మనము కోరుకొంటాము గదా.

తన తల్లిని సిలువ మీద నుండి కూడ మరువక, ప్రియ శిష్యుని ఇంటికి అప్పగించిన ప్రభువు, మన ఇండ్లలోను వీధులలోను ఉన్న పెద్దలను ప్రేమించే కృపను, వారి చేతి దీవెనలు పుచ్చుకొనే వినయమును మనకందరికి దయచేయును గాక. ఆమేన్.